ఎముకలను కరిగించు గ్రంథులు

వృద్ధులు కాలుజారి పడి తుంటి విరుగగొట్టుకొనుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. కాని నలువది యేండ్లయినను నిండని గృహిణి ఒకామె చదునైన నేలమీద నడచుచునే తొడయెముక విరిగి కూలబడినదనుకొందము. అంతకు ముందు రెండు మూడేండ్లనుండి ఆమెకు నడుము నొప్పి, కాళ్ళ నొప్పులు, నిద్రించినను తీరని అలసట. ఇంటివారు వాతమనిరి, తైలములు మర్దించిరి. క్రింది దవడపై కొంతకాలముగా ఒక వాపు కూడ ఉన్నది. పంటి దోషమని తలచి ఒక పన్ను తీయించిరి. ఇప్పుడు ఎక్స్‌రే తీసి చూడగా, విరిగిన చోట ఎముక ఎముకవలె లేదు; లోపల బుడగవంటి ఖాళీ. అట్టివే కటియెముకలో ఒకటి, ప్రక్కటెముకలలో రెండు కనబడినవి. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించినవారు, పెద్ద పెద్ద కణములతో గూడిన కంతి అని వ్రాసియిచ్చిరి. ఆ కాగితము చేత బట్టుకొని, ఇది కేన్సరేయని, ఒళ్ళంతయు ప్రాకినదని ఇల్లంతయు ఏడ్చినది.

ఆ యేడుపు అనవసరమై యుండవచ్చును. ఆమె కాలు తీయవలసిన పని లేకపోవచ్చును. దవడ కోయవలసిన పనియు లేకపోవచ్చును. కత్తి పట్టుటకు ముందు రక్తములోని కాల్షియము ఎంతయున్నదో చూచినారా అను ఒక్క ప్రశ్నతో ఆమె కథ వేరొక దారి పట్టగలదు. వైద్యవృత్తిలో ఉన్న మేము ఈ ప్రసంగమున చెప్పదలచినది ఆ ప్రశ్నను గూర్చియే. ఇట్టివి అరుదైన రోగములే. కాని అరుదగుటచేతనే ఎవరికిని స్ఫురింపక, ప్రమాదము తెచ్చును.

మెడ ముందుభాగమున థైరాయిడ్ గ్రంథి ఉన్న సంగతి నేడు చాలమంది శ్రోతలకు తెలియును. దాని వెనుకవైపున నాలుగు చిన్న గ్రంథులు అంటుకొని యుండును. ఒక్కొక్కటి కందిబద్ద ప్రమాణము. వీనిని వైద్యులు పారాథైరాయిడ్ గ్రంథులందురు. మన పాఠ్యగ్రంథములలో పార్శ్వావటు గ్రంథులని పేరు. పేరును బట్టి థైరాయిడ్‌కు చుట్టములేమో అనుకొనరాదు. ఇరుగుపొరుగుతనమే గాని పనిలో ఏ పొత్తును లేదు.

ఇంత చిన్నవగుటచేత చాలకాలము వీని ఉనికియే ఎవరికిని తెలియలేదు. ఇవి మొదట కంటబడినది మనుష్యునిలో గాక, మన దేశమునుండి లండను నగరమునకు కొనిపోబడిన ఒక ఖడ్గమృగమునందు! అక్కడి జంతుప్రదర్శనశాలలో 15 ఏండ్లు బ్రదికి 1849లో అది మరణించెను. దాని కళేబరమును కోసి పరిశీలించిన రిచర్డ్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు థైరాయిడ్ నంటియున్న పసుపువన్నె చిన్న గ్రంథి నొకదానిని చూచి వ్రాసియుంచెను. అంత పెద్ద జంతువు గనుక అంత చిన్న వస్తువు కనబడినది కాబోలు. తరువాత స్వీడను దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయములో ఈవార్ శాండ్‌స్ట్రోమ్ అను వైద్యవిద్యార్థి మనుష్యులలో వీనిని కనుగొని 1880లో ప్రకటించెను. అప్పుడుకూడ వీని పని యేమో తెలియదు. థైరాయిడ్ శస్త్రచికిత్సలో ఇవియు పోయిన రోగులకు వ్రేళ్ళు కొంకర్లుపోయి ఈడ్పులు వచ్చుచుండుట వలన, ఇవి లేనిదే మనుష్యుడు నిలువజాలడని మాత్రము తెలిసినది. ఆ ఈడ్పులకు కారణము రక్తములో కాల్షియము తగ్గుటయేయని 1909లో అమెరికాలో మెకాలమ్, ఫోగ్ట్‌లిన్ అను నిద్దరు నిరూపించిరి. 1925లో కెనడాలో కాలిప్ అను శాస్త్రజ్ఞుడు ఈ గ్రంథులనుండి తీసిన సారమును జంతువులకెక్కించి, రక్తములో కాల్షియము పెరుగుటను చూపెను.

కాల్షియమనగా మనము తాంబూలములో వేసికొను సున్నములోని ధాతువే. పెద్దవారి దేహములో అది సుమారు కిలోగ్రాము ఉండును. అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఎముకలలోను దంతములలోను చేరియున్నది. మిగిలిన ఆ కొంచెముతోనే నరముల పని, కండరముల పని, గుండె కొట్టుకొనుట, రక్తము గడ్డకట్టుట జరుగవలెను. రక్తములో కాల్షియము ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల లోపల నుండవలెను. ఆ హద్దు ఇటు దాటినను అటు దాటినను చిక్కే.

కనుక ఎముకను మనము ఒక గాదెగా భావింపవచ్చును. వంటయింటిలో గింజలు తరిగినప్పుడు గాదెనుండి తీయవలెను. నిండుగా నున్నప్పుడు గాదె మూతవేయవలెను. తీయుమని యాజ్ఞ యిచ్చునవి ఈ నాలుగు గ్రంథులు. రక్తములో కాల్షియము తగ్గగనే వీనినుండి ఒక రసము స్రవించును. దాని ప్రేరణచే ఎముకను కరిగించు కణములు పనిలోనికి దిగును. మూత్రపిండములు కాల్షియమును పోనీయక పట్టి యుంచును. డి విటమిను చురుకు పుంజుకొని ప్రేగులనుండి మరికొంత కాల్షియమును లోనికి తెచ్చును. చాలినంత కాగానే గ్రంథులు ఊరకుండును. ఆరోగ్యవంతుని ఎముక రాయివలె జడము కాదు. ఒక ప్రక్క కరగుచు, ఒక ప్రక్క కట్టబడుచు నిత్యము మారుచుండునది.

ఈ నాలుగింటిలో ఒకటి ఏ కారణముననో పెరిగి, రక్తము నిండుగా నున్నను ఆజ్ఞలిచ్చుట మానదు. అదియే రోగము. ఇట్టి రోగులలో నూటికి ఎనుబది మందికి పైగా ఒక్క గ్రంథియే చెడియుండును. అదియు కేన్సరు కాదు, ప్రాకని మామూలు కంతి. కేన్సరగుట మిక్కిలి అరుదు. గాదె ఖాళీయగుచుండ, రక్తములో కాల్షియము మితిమీరును. మూత్రములోనికి పొర్లి మూత్రపిండములలో రాళ్ళుగా పేరుకొనును. దప్పిక, అతిమూత్రము, మలబద్ధము, ఆకలి లేకుండుట, మనస్సునకు మాంద్యము, ఏ పని చేయబోయినను నీరసము కలుగును. ఈ లక్షణములలో ఏ యొక్కటియు ప్రత్యేకమైనది కాదు. ఇవి లేని యిల్లే యుండదు. అందుచేతనే ఏండ్ల తరబడి రోగము పట్టుబడదు.

ఇక గోధుమరంగు కంతి సంగతి. ఎముకను కరిగించు కణములు ఒకచోట గుమిగూడి తెగబారినప్పుడు అక్కడ ఎముక పోయి గుంట పడును. ఆ గుంటలో నారవంటి కణజాలము పెరుగును. సన్నని రక్తనాళములు తెగి నెత్తురు చిమ్మును. ఆ నెత్తురులోని ఇనుము అక్కడనే నిలిచిపోవును. తడిబట్టపై ఇనుపమేకు పెట్టి మరచినచో పడు మరకను చూచినవారికి ఈ కంతి రంగు ఎక్కడనుండి వచ్చినదో వేరే చెప్పనక్కరలేదు. కోసి చూచినచో గోధుమవన్నెగా నుండును గనుక ఆ పేరు. కంతి యనుట వాడుక మాటయే గాని ఇది నిజమైన కంతి కాదు. తనంత తాను పెరుగు శక్తి దీనికి లేదు. మెడలోని గ్రంథి ఆజ్ఞ యున్నంతవరకే దీని బ్రదుకు. దవడలు, ప్రక్కటెముకలు, కటియెముక, తొడ, పిక్క ఎముకలు దీనికి తరచు నెలవులు.

చిక్కెక్కడ వచ్చుననగా, ఎముకలో వేరుగా పుట్టు బృహత్కణముల కంతి యొకటి కలదు. అది నిజమైన కంతి; దానికి శస్త్రచికిత్స వేరు. సూక్ష్మదర్శిని క్రింద ఈ రెంటిని విడదీయుట ఎంతటి నిపుణునికైనను కష్టము. అందుచే ముక్కను పరీక్షించినవారిని నిందింపరాదు. వారికి ముక్క మాత్రమే పంపబడినది, మెడ పంపబడలేదు.

మెడకును ఎముకకును ఉన్న ఈ సంబంధమును గ్రహించుటలో వైద్యలోకమే చాలకాలము తలక్రిందుగా ఆలోచించినది. జర్మను వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ 1891లో ఇట్టి గుంటలుపడిన ఎముకలను వివరముగ వర్ణించెను. గ్రంథుల ఊసు ఆయన ఎత్తలేదు. 1904లో అస్కనాజీ అను వైద్యుడు మెత్తబడిన ఎముకలు గల ఒక మృతదేహములో ఈ గ్రంథియు ఉబ్బియుండుట చూచెను. వియన్నాలో ఎర్డ్‌హైమ్ అను పండితుడు అట్టివే మరికొన్ని చూచి, ఎముకలు చెడుటచే గ్రంథులకు పనిభారము హెచ్చి అవి ఉబ్బినవని నిర్ణయించెను. మోతగాని భుజము కాయకాచినట్లు! యుక్తికి నిలుచు మాటయే. కాని దానినుండి చికిత్స ఏమి తేలును? పాపము, గ్రంథులు చాలక శ్రమపడుచున్నవి గనుక రోగికి మరికొంత గ్రంథిసారమును ఎక్కింపుమని తేలును. 1915లో అదే వియన్నాలో ష్లాగన్‌హౌఫర్ అను నతడు మాత్రము, ఒక్క గ్రంథియే ఉబ్బియున్నచో దానిని తీసివేయరాదా యని అడిగెను. పదియేండ్లు ఆ మాటను ఎవరును పట్టించుకొనలేదు.

ఆ వియన్నాలోనే ఫెలిక్స్ మాండల్ అను శస్త్రవైద్యుని చెంతకు ట్రాము కండక్టరు ఒకడు చేరెను. ఎముకల నొప్పులతో పని మానుకొనెను. తొడయెముక విరిగి మంచమెక్కెను. నాటి పండితాభిప్రాయము ననుసరించి మాండల్ మొదట గ్రంథిసారము నిచ్చెను. గుణము లేదు. అంతట వీథిప్రమాదములో మరణించిన వేరొకని గ్రంథులను తెచ్చి ఈ రోగి దేహములో నాటెను. అప్పుడును గుణము లేదు సరికదా, మరింత కృశించెను. అక్కడ మాండల్ ఆగి ఆలోచించెను. ఇచ్చిన కొలది కీడే జరుగుచున్నదన్నచో, లోపించుట గాక మితిమీరుటయే రోగమేమో! 1925 జులైలో మెడ కోసి చూడగా పెరిగిన గ్రంథి యొకటి కనబడినది. దానిని తీసివేసెను. కొన్ని దినములలోనే మూత్రములో కాల్షియము తగ్గినది, నొప్పులు పోయినవి, మంచముపట్టిన మనుష్యుడు కఱ్ఱ ఊతతో నడచెను, ఎముకలు గట్టిపడినట్లు ఎక్స్‌రే తెలిపినది. కొన్ని సంవత్సరములకు రోగము తిరుగబెట్టినది. రెండవ శస్త్రచికిత్స ఫలింపలేదు. ఐనను ఎర్డ్‌హైమ్ వాదము ఈ రోగి విషయమున తలక్రిందులైనదనుట నిశ్చయము. తన మొదటి తప్పును దాచక లోకమునకు తెలిపిన మాండల్‌పై మాకు గౌరవము మెండు.

ఇంచుమించు అదే కాలమున అమెరికాలో కెప్టెన్ ఛార్లెస్ మార్టెల్ అను నావికుని కథ నడచినది. వర్తకపు ఓడలలో పనిచేసిన ఆరడుగుల ఆజానుబాహువు. క్రమముగా ఎముకలు మెత్తబడి, వెన్ను క్రుంగి, ఏడంగుళములు పొట్టియయ్యెను. పలుమారులు ఎముకలు విరిగినవి, మూత్రములో రాళ్ళు. 1926లో న్యూయార్కులో యూజీన్ డుబోయిస్ అను వైద్యుడు రక్తములో కాల్షియము హెచ్చుటను చూచి, దోషము పారాథైరాయిడ్ గ్రంథులదే యని నిశ్చయించి, బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రికి పంపెను. అక్కడ ఆ సంవత్సరమే మెడ కోసి వెదకిరి. కంతి కనబడలేదు. మరల కోసిరి, కనబడలేదు. ఏండ్లు గడచుచుండ, ఊళ్ళు మారి, వైద్యులు మారి, ఆరు పర్యాయములు కోతలు పూర్తియైనవి.

ఆ కప్తాను ధైర్యమే ధైర్యము. పడుకొని వాపోవుటకు మారుగా అతడు వైద్యగ్రంథాలయమునకు పోయి శరీరశాస్త్రము చదువ నారంభించెను. గర్భస్థశిశువులో ఈ గ్రంథులు పై భాగమున పుట్టి క్రిందికి దిగివచ్చును; దారి తప్పి ఱొమ్ములోనికి జారిపోవుట కలదు. తన కంతి మెడలో లేదు గనుక ఱొమ్ములో వెదకుడని అతడే వైద్యులను కోరెను. 1932లో చర్చిల్, కోప్ అను శస్త్రవైద్యులు ఏడవ పర్యాయము ఱొమ్ముటెముక చీల్చి చూడగా, కంతి అక్కడనే యున్నది. పూర్తిగా తీసివేసినచో కాల్షియము పడిపోవునను భయముతో, చాల భాగము తీసి కొంచెము మిగిల్చిరి. ఐనను మూడు దినములకే ఈడ్పులు వచ్చినవి. ఏండ్ల తరబడి దోపిడియైన గాదె రక్తములోని కాల్షియమునంతటిని ఒక్కుమ్మడి లోనికి లాగుకొన్నది. కాల్షియము పోసి పోసి నిలిపిరి. కాని పాత రాయి యొకటి మూత్రనాళమున అడ్డుపడి, దానికి చేసిన శస్త్రచికిత్స తరువాత, కంతి దొరకిన ఆరు వారములకు మార్టెల్ మరణించెను. ఈనాడు మెడలో కంతి దొరకనప్పుడు ఱొమ్ములో వెదకు ప్రతి వైద్యుడును ఆ కప్తానునకు ఋణపడినవాడే.

ఇప్పుడంత వెదకులాట చాలవరకు లేదు. 1963లో బెర్సన్, యాలో అను శాస్త్రజ్ఞులు ఈ గ్రంథిరసమును రక్తములో కొలుచు పద్ధతిని కనుగొనిరి. టెక్నీషియమను రేడియోధార్మిక ధాతువుతో గూడిన మందు నెక్కించి చిత్రము తీయగా పెరిగిన గ్రంథి మెడలోనున్నను ఱొమ్ములోనున్నను తరచు తెలిసిపోవును. 1970 తరువాత పడమటి దేశములలో ఏ కారణమున రక్తము తీసినను యంత్రము కాల్షియమును కూడ కొలిచి చెప్పుట మొదలైనది. అందుచే అక్కడ ఎముకలు చెడకముందే రోగము పట్టుబడుచున్నది. గోధుమరంగు కంతి వారికి పుస్తకములలోని బొమ్మయైపోయినది. మన దేశమున అట్లు కాదు. ఇక్కడ చిన్న వయసువారు, విశేషించి స్త్రీలు, ఎముకలు విరిగి కంతులు లేచిన తరువాతనే పెద్దాస్పత్రుల గడప తొక్కుట నేటికిని కనబడుచున్నది. మనలో చాలమందికి డి విటమిను కొఱత ఉండుటయు ఎముకల నష్టమును హెచ్చించును.

మన తెలుగునాట మరియొక చిక్కు కలదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు నీటి వలన కలుగు ఎముకల రోగమును 1937లోనే వైద్యులు వర్ణించిరి. నల్లగొండ సీమ కష్టము అందరెరిగినదే. ఆ ప్రాంతములలో ఒళ్ళునొప్పులన్నింటిని నీటి ఖాతాలోనే వ్రాయుట పరిపాటి. సాధారణముగ ఫ్లోరైడు రోగములో ఎముక ఎక్స్‌రేలో చిక్కబడి తెల్లగా కనబడును. మేము చెప్పు రోగములో పలుచనై, చేతివ్రేళ్ళ ఎముకల అంచులు చెదలు తినినట్లు కనబడును. రెండును కలిసి యుండుటయు అసంభవము కాదు గనుక, నీటిని నిందించి ఊరకుండరాదు.

ఎర్డ్‌హైమ్ మాట పూర్తిగా అబద్ధమనియు తలపరాదు. మూత్రపిండములు చెడినవారిలో రక్తమున భాస్వరము పేరుకొని, డి విటమిను చురుకు పుంజుకొనక, కాల్షియము తగ్గును. దానిని నిలుపుటకై నాలుగు గ్రంథులును రాత్రింబవళ్ళు శ్రమించి ఉబ్బును. అక్కడ మోతగాని భుజము పోలిక సరిపోవును. శ్రీకాకుళపు ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను పీడించుచున్నదో శ్రోతలెరుగుదురు. ఏ యూరి వారైనను సరే, డయాలిసిసు మీద ఏండ్లుగా నున్నవారికి దవడపైగాని ప్రక్కటెముకపైగాని వాపు లేచినచో ఇట్టి కంతియేమో చూడవలెను. వారికి కాల్షియము తక్కువగానో మామూలుగానో కూడ ఉండవచ్చును. చికిత్సయు మందులతో మొదలగును.

అందుచే కాల్షియమును మాత్రమే కొలిచి సంతృప్తి పడరాదు. గ్రంథిరసమును కూడ కొలువవలెను. ఎముకలకు ప్రాకిన కేన్సరులోను కాల్షియము హెచ్చవచ్చును. కాని కేన్సరులో సాధారణముగ గ్రంథిరసము అణగియుండును. మన రోగములో హెచ్చియుండును. డి విటమిను కొఱతయున్నవారికి కాల్షియము మామూలు హద్దులో కనబడి మోసగించుటయు కద్దు. ఈ పరీక్షలకు కావలసినది కొంచెము రక్తమే. కాలికో దవడకో పెద్ద శస్త్రచికిత్స చెప్పబడినప్పుడు, కాల్షియము, పారాథైరాయిడ్ హార్మోను చూచినారా అండి అని వైద్యుని వినయముగ నడుగుటకు ఎవరును జంకనక్కరలేదు. అడిగినందుకు కోపించు వైద్యులు తక్కువ.

మొదట చెప్పిన గృహిణికి ఈ పరీక్షలు చేసి, మెడలోని గ్రంథిని తీసివేసినారనుకొందము. తొడయెముకకు మామూలుగ కట్టుగాని కడ్డీగాని వేయుదురు. దవడను ముట్టరు. నెలలు గడచుకొలది వాపు తగ్గుచు, ఎక్స్‌రేలోని ఖాళీలు తెల్లబడుచు వచ్చును. మిక్కిలి పెద్ద గుంటలు కొన్ని పూర్తిగా పూడక మిగులవచ్చును. అప్పుడు వానికి వేరే చికిత్స. ఇంటివారు కనిపెట్టి యుండవలసినది శస్త్రచికిత్స తరువాతి దినములలో. పెదవుల చుట్టును వ్రేళ్ళ కొనలయందును చీమలు ప్రాకినట్లుండుట, చేతులు కొంకర్లుపోవుట కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి తెలుపవలెను. కప్తానునకు వచ్చినది అదియే; దీనిని వైద్యులు ఎముకల ఆకలి యందురు. ఆ ఆకలి తీరుటకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. నొప్పులు పోయినవి గదా యని ఈలోగా కాల్షియము, డి విటమిను మాత్రలను తమంత తాము మానరాదు. ఎప్పుడు తగ్గింపవలెనో రక్తము చూచి వైద్యుడే చెప్పును.